ఒక్క పలుకు తింటే ఏమవుతుంది?

ఏడాదిగా నేను ఎక్కువసార్లు విన్న ప్రశ్న ఇది. అమ్మ అడిగింది. అత్తగారు అడిగారు. పక్కింటి పిన్నిగారు అడిగారు. స్త్రీల హక్కుల కోసం ఇరవై ఏళ్ళుగా నాతో కలిసి పనిచేస్తున్న మిత్రులూ అడిగారు. అందరూ ప్రేమగానే అడిగారు. ఆ ప్రేమతోనే నాకు పేచీ.

నాకు సీలియాక్ జబ్బు ఉందని కిందటేడాది శ్రావణమాసంలో తేలింది. గోధుమ, బార్లీ, రై గింజల్లో గ్లూటెన్ అనే మాంసకృత్తు ఉంటుంది. అది లోపలికి వెళ్తే నా ఒంట్లోని రోగనిరోధక వ్యవస్థ నా చిన్నపేగు మీదే దాడి చేస్తుంది. తిన్నదాంట్లోని సారాన్ని పీల్చుకునే నూగులాంటి సన్నని మొనలు పేగు లోపలి పొర మీద ఉంటాయి. అవి అరిగి చదునైపోతాయి. ఇక ఎంత తిన్నా ఇనుము, కాల్షియం, విటమిన్లు సరిగా ఒంటికి పట్టవు. రక్తహీనత, విరేచనాలు, కడుపు ఉబ్బరం, నోటిపూత, నీరసం, ఎముకలు గుల్లబారడం, గర్భస్రావాలు, మనసు కుంగిపోవడం, ఇలా ఒక్కొక్కరిలో ఒక్కో విధంగా బయటపడుతుంది. కొందరిలో పైకి ఏమీ కనబడదు. దీన్ని నయం చేసే మందు లేదు. జన్మంతా గ్లూటెన్‌ను పూర్తిగా మానేయడమే వైద్యం. కాబట్టి ఒక్క పలుకు తింటే ఏమవుతుందన్న ప్రశ్నకు జవాబు ఉంది. పేగు మళ్ళీ దెబ్బతింటుంది. ఈ జవాబు నేను ఎన్నిసార్లు చెప్పినా వినేవాళ్ళకు ఎందుకు ఆనదన్నదే నా ప్రశ్న.

"మనం అన్నం తినేవాళ్ళం, మనకెందుకొస్తుంది?" అని మొదట అందరూ ఆశ్చర్యపోయారు. నేనూ ఆశ్చర్యపోయాను. గౌతమి, వశిష్ఠ పాయల మధ్య పుట్టి, ధవళేశ్వరం ఆనకట్ట నీటితో పండిన వరి తిని పెరిగినదాన్ని. దేశంలో వేర్వేరు ప్రాంతాల్లో ఇరవై మూడు వేల పైచిలుకు మందిని పరీక్షించి 2016లో ప్రచురించిన ఒక అధ్యయనం ప్రకారం ఈ జబ్బు ఉత్తరాదిలో దాదాపు వందకొకరికి ఉంటే, దక్షిణాదిలో దాదాపు వెయ్యికొకరికి ఉంది. జబ్బుకు తావిచ్చే జన్యువులు ఇక్కడివాళ్ళలో లేకపోలేదు. ఆ తేడాకు అధ్యయనం చూపిన కారణం ముఖ్యంగా గోధుమ వాడకం. మరి గోధుమ మన వంటింట్లోకి రావడం లేదా? పొద్దున బొంబాయి రవ్వ ఉప్మా, సాయంత్రం మైసూరు బజ్జీ, పెళ్ళిళ్ళలో పూరీ, పండక్కి సేమ్యా పాయసం, సారెలో కాజాలు, షుగరున్న ఇంట్లో రాత్రిపూట చపాతీ. చివరికి చారులో వేసే ఇంగువ పొడిలో కూడా చాలాసార్లు గోధుమ పిండో మైదానో కలుపుతారు. గోధుమ మనకు దూరంగా ఏమీ లేదు. దాన్ని మనం లెక్కలో వేసుకోలేదు, అంతే.

నా జబ్బు పేరు తెలియడానికి పన్నెండేళ్ళు పట్టింది. ఆ పన్నెండేళ్ళలో నాకు వచ్చిన పేర్లు వేరు. గ్యాస్. నరాల బలహీనత. టెన్షన్. "చదువుకున్న ఆడవాళ్ళకి ఆలోచన ఎక్కువమ్మా, కాస్త తగ్గించుకోండి" అన్నాడొక డాక్టరు. రెండుసార్లు కడుపు పోయినప్పుడు, "ఊళ్ళు తిరిగే ఉద్యోగం మానేస్తే నిలబడుతుంది" అన్నాడు మరొకాయన. ఆ రెండు గర్భస్రావాలకు ఈ జబ్బే కారణమో కాదో ఇప్పుడు తేల్చలేం. అయితే నా ఉద్యోగమే కారణమని అప్పుడు ఎలా తేల్చారు? రక్తం తక్కువుందని ప్రతిసారీ ఇనుము మాత్రలు రాశారు. మాత్రలు మింగుతున్నా రక్తం ఎందుకు పెరగడం లేదన్న రెండో ప్రశ్న ఎవరూ వేయలేదు.

ఎందుకు వేయలేదో సామాజిక శాస్త్రం చదివినదానిగా నాకు అర్థమవుతుంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన రాష్ట్రంలో 15 నుంచి 49 ఏళ్ళ లోపు స్త్రీలలో 58.8 శాతం మందికి రక్తహీనత ఉంది. వాళ్ళలో అత్యధికులకు కారణం సీలియాక్ కాదు. చాలీచాలని తిండి, వరస కాన్పులు, నెలసరి, నులిపురుగులు, ఆఖర్న తినే అలవాటు లాంటివి కారణాలు. నేననేది వేరు. సగం మంది కంటే ఎక్కువ ఆడవాళ్ళు పాలిపోయి ఉన్న సమాజంలో పాలిపోవడమే ఆడదాని సహజ వర్ణమైపోయింది. జబ్బుకు గుర్తుగా దాన్ని చూసే కన్ను పోయింది. ఒక మగవాడు ఇనుము మాత్రలు ఏళ్ళ తరబడి మింగినా రక్తం పెరగకపోతే, లోపల ఎక్కడో రక్తం పోతోందేమోనని వెంటనే ఎండోస్కోపీ చేయిస్తారు. ఆడదానికైతే మరో వంద మాత్రలు.

జబ్బు పేరు విన్న రోజు నాకు కలిగిన మొదటి భావం సంతోషం. ఈ మాట విని మా చెల్లెలు కోప్పడింది. కానీ నిజం. నా కడుపునొప్పి నా కల్పన కాదని ఒక కాగితం మీద రాసి ఇచ్చారు. ఆ సంతోషం రెండు రోజులుంది. మూడో రోజు కోపం వచ్చింది. పన్నెండేళ్ళు ఎవరిస్తారు నాకు? ఆ తర్వాత వచ్చింది దుఃఖం. తాపేశ్వరం కాజా ఇక తినలేనని నేను ఏడ్చాను. నలభై దాటినదాన్ని, డాక్టరేటు ఉన్నదాన్ని, కాజా కోసం ఏడ్చాను. నాన్న రాజమండ్రి నుంచి వచ్చేటప్పుడు దారిలో ఆగి తెచ్చే ఆ పొట్లం, పాకం కారకుండా చేయి కింద పెట్టుకుని తినడం, ఆ నాన్న లేకపోవడం, అన్నీ ఒక్కసారిగా వచ్చి మీదపడ్డాయి. దీన్ని తిండి యావ అనుకునేవాళ్ళు అనుకోవచ్చు. మనిషికి తిండి ఒట్టి పోషకాల మూట కాదని స్త్రీలుగా మనకు తెలియనిదా?

ఆ వారంలో నన్ను చూడడానికి వచ్చినవాళ్ళు ఏం తెచ్చారో చెబితే మీరు నవ్వుతారు. బ్రెడ్డు ప్యాకెట్లు, బిస్కెట్లు, మాల్ట్ పొడి డబ్బా. రోగిష్టి మనిషికి మనం ఇచ్చే మర్యాదంతా గోధుమ, బార్లీలతోనే తయారై ఉంది.

దుఃఖం తర్వాత వచ్చింది భయం. ఈ గరిటె దేంట్లో పెట్టారో, ఈ నూనెలో ముందు ఏం వేయించారో అని ప్రతి ఇంట్లో అనుమానం. అడిగితే అహంకారం, అడక్కపోతే రోగం. నేను నలుగురితో కలిసి తినడం మానేశాను. మూడు నెలలపాటు ఫోన్లు కూడా ఎత్తలేదు. ఈ జబ్బున్నవాళ్ళలో కుంగుబాటు ఎక్కువగా కనిపిస్తుందని డాక్టరు చెప్పింది. అందుకు అందరూ నాకిచ్చిన మందు ఒక్కటే. "మనసు దిటవు చేసుకో. సర్దుకుపో."

సర్దుకుపోవడం అనే మాట స్త్రీలకు కొత్త కాదు. మొగుడు కొట్టినా అదే, కట్నం చాలకపోయినా అదే, ఇప్పుడు పేగు అరిగినా అదే. సర్దుకోవలసింది ఎప్పుడూ దెబ్బ తిన్న మనిషేనా?

మా ఇంటి సంగతే చెబుతాను. ఏడేళ్ళ క్రితం నా సహచరుడికి షుగరు వచ్చింది. రాత్రిళ్ళు అన్నం మానేసి చపాతీ తినమన్నారు. మర్నాటి నుంచి ఇల్లంతా చపాతీ. వేరేగా వండుకునే ఓపిక లేక నేనూ అవే తిన్నాను. ఆయనను సర్దుకోమని ఎవరూ అనలేదు. ఇల్లే సర్దుకుంది. ఇప్పుడు నాకు జబ్బు వచ్చింది. ఇల్లు సర్దుకోలేదు. నాకు వేరే గిన్నె, వేరే గరిటె, వేరే పొయ్యి వేళ. వాటిని తోముకునేది నేను. చపాతీ పిండి కలిపేదీ నేనే. పిండి ఎగిరి నా కంచంలో పడుతుందని చెప్పడానికి నాకు ఆరు వారాలు ధైర్యం చాలలేదు. "వ్యక్తిగతమే రాజకీయం" అని ఎన్ని వేదికల మీద మాట్లాడాను! నా వంటింటి గట్టు మీద ఆ మాట అనడానికి నోరు రాలేదు. చివరికి అన్నాను. ఇప్పుడు రాత్రిపూట జొన్నరొట్టె చేస్తున్నాం. ఆయనే చేస్తారు. రొట్టె గుండ్రంగా రాదు, అయినా తింటున్నాం.

అందరికంటే ఎక్కువ బాధపెట్టినది ప్రసాదం. కార్తీకంలో మా పుట్టింట్లో సత్యనారాయణ వ్రతం. మా వైపు వాళ్ళకు అన్నవరం ప్రసాదమంటే ఎంత ప్రాణమో చెప్పనక్కర్లేదు. అది గోధుమ నూకతో, నెయ్యితో చేస్తారు. ఇంట్లో చేసుకునేదీ రవ్వతోనే. నేను కళ్ళకద్దుకుని పక్కన పెట్టాను. అమ్మ ముఖం మాడిపోయింది. "ఒక్క పలుకు నోట్లో వేసుకోవే, స్వామి చూసుకుంటాడు" అంది. అప్పుడే కదా కథ విన్నాం! భర్త పడవ రేవుకు వచ్చిందన్న సంతోషంలో కళావతి ప్రసాదం తినకుండా పరుగెత్తితే పడవతో సహా భర్త మునిగిపోయాడు. తిరిగి వచ్చి ప్రసాదం తిన్నాకే బతికాడు. గదినిండా ఉన్న ఆడవాళ్ళు నన్ను కళావతిని చూసినట్టు చూశారు. నా పక్కన కూర్చున్న నా భర్త వైపు జాలిగా చూశారు.

ఆ కథలోనే ఇంకో మాట ఉంది. నైవేద్యానికి గోధుమ లేకపోతే బియ్యప్పిండి వాడవచ్చని విధానంలోనే చెప్పారు. నేను ఆ మాట అంటే ఎవరూ పట్టించుకోలేదు. డాక్టరు కాగితం చూపించినా పట్టించుకోలేదు. పురోహితుడు గారు మాత్రం, "వచ్చేసారి బియ్యపు రవ్వతో చేసుకోండమ్మా, దోషం లేదు" అన్నారు. ఒక్క నిమిషంలో అందరూ ఒప్పుకున్నారు. ఆయన మంచితనానికి నేను కృతజ్ఞురాలినే. కానీ నా పేగు గురించి నేను చెప్పిన మాట, మరో స్త్రీ అయిన డాక్టరు చెప్పిన మాట చెల్లక, ఒక మగవాడి అనుమతితో చెల్లడాన్ని ఏమనాలి?

ఆడది తిండి వద్దనడం మన సమాజానికి కొత్తేమీ కాదు. శనివారం ఉపవాసం, ఏకాదశి ఉపవాసం, అట్లతద్దికి పగలంతా ఉపవాసం. మొగుడి ఆయుష్షు కోసం, పిల్లల క్షేమం కోసం ఆడది ఎంత మానేస్తే అంత గొప్పది. తన ఒంటి కోసం ఒక్క పలుకు మానేస్తే మాత్రం తప్పు. మానేయడం మీద ఎవరికీ అభ్యంతరం లేదు. ఎవరి కోసం మానేస్తోందన్నదే లెక్క.

ఈ జబ్బు దగ్గరి రక్తసంబంధీకులకు వచ్చే అవకాశం ఎక్కువ కాబట్టి మా అమ్మాయికి పరీక్ష చేయించమన్నారు. "వద్దు. ఉందని తేలితే రేపు సంబంధాలెలా వస్తాయి?" అన్నారు అత్తగారు. పేగు అరిగినా ఫరవాలేదు, పేరు రాకూడదు. మేం పరీక్ష చేయించాం. ఫలితం మా అమ్మాయి సొంత విషయం కాబట్టి ఇక్కడ రాయను.

ఇంట్లోవాళ్ళను అన్నాను కాబట్టి మన సంగతీ అనాలి. ఈ మధ్య ఒక శిక్షణ శిబిరంలో రెండు రోజులూ తిండి ఉప్మా, పూరీ, నూడుల్స్. నేను డబ్బాలో అన్నం తెచ్చుకుంటే ఒక సీనియర్ కార్యకర్త నవ్వి, "ఇవన్నీ డబ్బున్నవాళ్ళ జబ్బులమ్మా, మన పేద ఆడవాళ్ళకు తిండే లేదు" అన్నారు. ఆ మాట నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. నిజంగా ఇది డబ్బున్నవాళ్ళ జబ్బా? డబ్బున్నవాళ్ళకు పేరు దొరికే జబ్బు. గ్లూటెన్ లేదని ముద్ర వేసిన పిండి ప్యాకెట్ ధర మామూలు పిండికి ఎన్నో రెట్లు. టీటీజీ అనే రక్తపరీక్ష మా మండల ఆస్పత్రిలో లేదు, నా రక్తం కాకినాడ పంపించాల్సి వచ్చింది. అంగన్‌వాడీలో పసిబిడ్డలకిచ్చే బాలామృతంలో ముఖ్యమైన దినుసు గోధుమే. అది ఎందరో బిడ్డల కడుపు నింపుతోంది, దాన్ని తీసేయమని నేననను. అది తిని విరేచనాలు పట్టుకుని బక్కచిక్కే బిడ్డ ఎవరైనా ఉంటే, ఆ తల్లి చెప్పే మాట రాసుకోవడానికి మన దగ్గర గడి ఉందా?

సీలియాక్ చరిత్రే ఇందుకు సాక్ష్యం. గోధుమకూ ఈ జబ్బుకూ ఉన్న సంబంధాన్ని రుజువు చేసినవాడు విలెం కారెల్ డికే అనే డచ్ పిల్లల వైద్యుడు. 1944-45 చలికాలంలో యుద్ధం వల్ల హాలండ్‌లో రొట్టె దొరకని కరువు వచ్చింది. ఆ రోజుల్లో ఈ జబ్బున్న పిల్లలు కోలుకోవడం ఆయన అనుమానాన్ని బలపరిచింది. 1950లో తన సిద్ధాంత గ్రంథంలో వివరంగా రాశాడు. అయితే కరువుకు ఎన్నో ఏళ్ళ ముందే, రొట్టె మానిపిస్తే తన బిడ్డకు తేలికపడుతోందని ఒక తల్లి ఆయనతో చెప్పిందట. ఆమె పేరు చరిత్రకెక్కలేదు. ఆయన చేసిన మొదటి మంచిపని ఆమె మాట వినడం.

నేను వినలేదు. అదీ చెప్పాలి.

నా పరిశోధన గల్ఫ్‌కు ఇంటిపనికి వెళ్ళిన కోనసీమ స్త్రీల మీద. రాజోలు వైపు ఒక దళితపేటలో కువైట్ నుంచి తిరిగొచ్చిన ఒక అక్కను ఎన్నోసార్లు కలిశాను. అక్కడ మూడుపూటలా రొట్టే తిండి అని, కడుపు ఆగేది కాదని, చిక్కి సగమయ్యానని, యజమానురాలు తిప్పి పంపేసిందని చెప్పింది. ఊళ్ళోవాళ్ళు ఏదో "చెడ్డ రోగం" తెచ్చుకుందన్నారు. నేను నా పుస్తకంలో ఏం రాసుకున్నాను? "వలస జీవితపు హింస శరీరంలో వ్యక్తమవుతోంది" అని. ఆ అధ్యాయాన్ని అందరూ మెచ్చుకున్నారు. డాక్టరు నా కడుపునొప్పిని టెన్షన్ అన్నాడు, నేను ఆమె కడుపునొప్పిని పితృస్వామ్యం అన్నాను. ఇద్దరం కడుపును చూడలేదు.

జబ్బు తేలిన నాలుగు నెలలకు ఆమె ఇంటికి వెళ్ళాను. నేను వస్తున్నానని ఉప్మా చేసి పెట్టింది, జీడిపప్పు వేసి. నేను అగ్రకులంలో పుట్టినదాన్ని. జిల్లాకు అంబేడ్కర్ పేరు పెట్టడాన్ని వ్యతిరేకిస్తూ 2022 మే నెలలో ఇళ్ళు తగలబెట్టిన నేల మాది. ఆ పేటలో, ఆ ఇంట్లో, పెట్టిన తిండిని నేను వద్దంటే దానికి ఒక్కటే అర్థం. వందల ఏళ్ళుగా ఉన్న అర్థం. నోట మాట రాలేదు. తిన్నాను. వారం రోజులు మంచం మీద ఉన్నాను. అప్పుడు తెలిసింది, ఈ జబ్బులో నా మనసు దిటవు చేసుకుంటే సరిపోయే సంగతి కాదని. నా చుట్టూ ఉన్న కులం, మర్యాద, భక్తి, మొగుడి ఆయుష్షు, అన్నీ నా కంచంలోనే ఉన్నాయి.

లేచాక మళ్ళీ వెళ్ళి ఆమెకు అంతా చెప్పాను. ఉప్మా తిని జబ్బు పడ్డానని చెప్పినప్పుడు ఆమె కోప్పడింది. "సెప్పొచ్చు కదండీ మేడమ్‌గారూ, నేనేవన్నా అనుకుంటానా? కువైట్‌లో నా కడుపు ఆగలేదని మీకు సెప్పాను కదండీ" అంది. ఆమెను తీసుకెళ్ళి రక్తపరీక్ష చేయించాను. గోధుమ మానకముందే ఆ పరీక్ష చేయించుకోవాలి, మానేశాక చేస్తే జబ్బున్నా బయటపడకపోవచ్చు. ఆమె చపాతీ, ఉప్మా తింటూనే ఉంది కాబట్టి ఆ ఇబ్బంది లేదు. ఆమెకు సీలియాక్ లేదని తేలింది. థైరాయిడ్ తేడా ఉందని తెలిసింది, మందు వాడుతోంది. నా అనుమానం తప్పయినందుకు నేను నొచ్చుకుంటుంటే ఆమె అంది, "ఇన్నేళ్ళకి ఒకళ్ళు సూది గుచ్చి సూశారండి. అది కాదని సెప్పారు కదండీ, అదే సాలు."

ఈ వ్యాసంలో నేను అడుగుతున్నది కూడా అంతే. ఇనుము మాత్రలు వాడినా రక్తం పెరగని ప్రతి స్త్రీ విషయంలో రెండో ప్రశ్న వేయాలి. టీటీజీ పరీక్ష, అవసరమైతే ఎండోస్కోపీతో పేగు ముక్క పరీక్ష, జిల్లా ఆస్పత్రిలో ఉచితంగా జరగాలి. ప్యాకెట్ మీద గోధుమ ఉందో లేదో రాయాలన్న నియమం ఉంది. విడిగా అమ్మే ఇంగువకు, మిఠాయికి, హోటలు తిండికి కూడా అడిగితే నిజం చెప్పే బాధ్యత ఉండాలి. మన శిబిరాల్లో వంట ఏమిటన్నది హక్కుల విషయంగా చర్చించాలి. షుగరున్నవాళ్ళు, సీలియాక్ ఉన్నవాళ్ళు, పాలు పడనివాళ్ళు నోరు తెరిచి అడగకముందే మనం అడగాలి. అన్నిటికంటే ముందు, ఒక స్త్రీ "నాకు పడదు" అంటే ఆ మాటను సాక్ష్యంగా తీసుకోవాలి. దాన్ని నరాలకో, ఒత్తిడికో, చివరికి మన సిద్ధాంతాలకో అప్పగించకూడదు.

బాధ తీరిందా అని అడుగుతారు. తీరలేదు. అరిగిన పేగు కోలుకోవడానికి నెలలు, ఒక్కోసారి ఏళ్ళు పడుతుంది. మనసుకూ అంతేననుకుంటున్నాను. అయితే తలుపు తీశాను, ఫోన్లు ఎత్తుతున్నాను. కోనసీమ నన్ను ఆకలితో చంపదని తెలుసుకున్నాను. పనసాకు బుట్టల్లో ఉడికించిన పొట్టిక్కలున్నాయి. సున్నుండలున్నాయి, అరిసెలున్నాయి. ఆత్రేయపురం పూతరేకులున్నాయి, అవి బియ్యప్పిండి రేకులే. కాలే కుండ ముందు, పొగలో కూర్చుని ఆ రేకులు తీసే ఆడవాళ్ళకు దక్కే కూలి ఎంతో అడగకుండా వాటిని తిని తృప్తిపడే హక్కు నాకు లేదనీ తెలుసు. 2023లో ఆ పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. వాళ్ళ ఊపిరితిత్తులకు గుర్తింపు ఎప్పుడో!

మొన్న రాజోలు వెళ్ళినప్పుడు ఆ అక్క గుమ్మంలోనే అడిగింది, ఏం తింటారని. "మీరేం తిన్నారక్కా?" అన్నాను. "ఏవుందండీ, సద్దన్నం" అంది సిగ్గుపడుతూ. అదే పెట్టమన్నాను. ఇన్నేళ్ళుగా నాకోసం బొంబాయి రవ్వ కొని తెచ్చి ఉప్మా చేసిందే గాని, తన కుండలోది నాకు పెట్టలేదు. నేనూ అడగలేదు. ఇద్దరం పెరుగు పోసుకుని, ఉల్లిపాయ నంజుకుని తిన్నాం. "ఇది పడుతుందాండీ?" అని రెండుసార్లు అడిగింది.

పడింది.